గున్నమ్మ తోడు

జనరేటర్ గది తలుపు తియ్యగానే డాక్టర్ నాగవేణికి బ్లీచింగ్ పౌడర్ వాసన కొట్టింది.

ఆ గదిలో రావలసిన వాసన అది కాదు. తడి మట్టి వాసన, దాని వెనకే పులిసిన మజ్జిగ వాసన రావాలి. ఆమె లైటు వేసింది. మూడు సిమెంటు తొట్టెలూ తళతళలాడుతున్నాయి. మూడు మీటర్లలోనూ ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉంది.

"ఎర్రయ్యా! ఎవరు కడిగారివి?"

ఫిట్టర్ ఎర్రయ్య గోనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"నానేనమ్మా. సాయంత్రానికి తుపానొచ్చెస్తన్నాది కదా, కొత్త మిషను ఆడాల కదా అని పొద్దున్నే సేసీసినాను. లోపలంతా బురద పేరుకుపోనాది. గోకీసి, బ్లీచింగు కొట్టి, రెండుసార్లు కడిగీసినాను. అద్దం అక్కర్లేదు, మొకం సూసుకోవచ్చు."

నీలంపేట మంచినీళ్ళ ప్లాంటులో ఎర్రయ్య తల నెరిసింది. కొత్త తొట్టె ఏదైనా సరే, వాడకంలోకి వచ్చేముందు బ్లీచింగ్‌తో కడగాలి. ఆ పని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వద్దని చెప్పవలసింది ఆమె. చెప్పాలని తోచనే లేదు.

"ఆ బురదే మిషను, ఎర్రయ్యా."

అతని చేతిలో గోనెగుడ్డ జారిపోయింది.

ఆమె అప్పటికే ల్యాబ్ వైపు పరిగెడుతోంది. ఫ్రిజ్‌లో ఒక సీసా ఉంది. దాన్ని తెచ్చి మొదటి తొట్టెలో పోసింది. గోడకవతల డయాలసిస్ సెంటర్ నుంచి వచ్చే గొట్టం తిప్పింది. రోగుల రక్తం కడిగిన నీళ్ళు సన్నగా తొట్టెలోకి దిగాయి. ఆ నీళ్ళలో యూరియా ఉంటుంది. బురదలోని సూక్ష్మజీవులకి అదే తిండి. అవి దాన్ని తిని కరెంటు కక్కుతాయి. పంపు తిప్పేంత కరెంటు.

ముల్లు లేచింది. ఆమె మీటరు మీదికి వంగింది. ముల్లు వణికింది, మెల్లగా పడిపోయింది.

సీసాలోది పాతబడిపోయింది. ఎంత జాగ్రత్తగా దాచినా మూడు నాలుగు వారాలకి ఆ జీవాల్లో సత్తువ పోతుంది. పెరుక్కి తోడు వేసినట్టు మళ్ళీ కొత్తది తెచ్చి వెయ్యాలి. ఆ తోడు ప్రపంచంలో ఒకే ఒక్క చోట దొరుకుతుంది. గున్నమ్మ ఒంట్లో. ఆ సెంటర్‌లోని అరవై మంది రోగుల్లో ఆమె మంచం కింది గొట్టంలోనే ఎందుకు కరెంటు పుట్టిందో నాగవేణికి ఇప్పటికీ తెలియదు.

గున్నమ్మ ఆమె సొంత అక్క.

ఫోన్ మోగింది. బావ లింగరాజు. గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"వేణీ! విశాపట్నం ఆస్పత్రోలు ఫోన్ సేసినారు! కిడ్నీ దొరికిందట! మీ అప్పకి సరిపోనాదట! మూడింటిలోగా అక్కడుండాలట. కారు మాటాడీసినాను. నువ్వు రా, బేగి రా!"

నాగవేణి సున్నా మీద పడుకున్న ముళ్ళ వైపు చూసింది. తర్వాత తలుపు మూసి బయటకొచ్చింది.

తొట్టెలు కడిగేసిన సంగతి అప్పకి చెప్పకూడదు. కారెక్కించి పంపెయ్యాలి. అంతే.

*

గున్నమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఐసు ముక్క చప్పరిస్తోంది. రోజంతటికీ ఆమెకి డాక్టరు రాసిచ్చిన నీళ్ళు ఒక చిన్న సీసాడు. అందుకే ఐసు చేసుకుని చప్పరిస్తుంది, ఎక్కువసేపు ఉంటుందని. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడిన ఆమె వేళ్ళు కవరు పట్టుకుని ఉన్నాయి. అందులో రెండు చీరలు, దువ్వెన, తువ్వాలు.

"ఒలే గుంటా, కిడ్నీ పెట్టీసినాక నీల్లు తాగొచ్చట కదే? ఎంత తాగితే అంత మంచిదట?"

"అవునప్పా. పద."

"సెంబుడు నీల్లు ఒక్క గుక్కలో తాగి ఎన్నేల్లయినాదో. మొదట అదే సేస్తాను. ఆల్లు కుట్లెయ్యకముందే తాగెస్తాను."

"కుట్లేసినాక తాగుదువు గాని. లే."

గున్నమ్మ లేచింది. చెల్లెలి భుజం పట్టుకుంది. ముక్కు ఎగబీల్చింది.

"ఇదేటే ఈ వాసన? బ్లీచింగులో పొర్లినావేటి?"

"ప్లాంటులో పని కదా. మామూలే."

"మామూలుగా నీ దగ్గర మజ్జిగ కంపొస్తాది." గున్నమ్మ మళ్ళీ కూర్చుంది. "ఎర్రయ్య కడిగీసినాడు కదూ?"

నాగవేణి కవరు అందుకోబోయింది. కారు తలుపు తెరిచి నిలబడ్డ లింగరాజుకి విషయం అర్థమైంది.

"కడిగితే కడిగినాడు! మనకేటి? ఎక్కు!"

"తోడు సచ్చిపోనాదయ్యా."

"సావనీ! నా పెల్లాం ఈల్లకి పెరుగు ముంతేటి, తోడు కావాలంటే సెయ్యెట్టి తీసుకోడానికి?" లింగరాజు నాగవేణి వైపు తిరిగాడు. "సెప్పు నీ అప్పకి! నువ్వే సెప్పు!"

"చెప్తున్నా బావా. అప్పా, పాత డీజిల్ జనరేటరుంది. నేనూ దాలినాయుడు గారూ చూసుకుంటాం. నువ్వు వెళ్ళు."

"పాతది నేలమాలిగలో ఉన్నాది. కిందటి తుపానుకి మునిగిపోనాది. ఈసారీ మునుగుతాది." గున్నమ్మ గొంతు పెంచలేదు. "అప్పుడూ సూసుకుంటామనే అన్నారు. పంపు ఆగిపోనాది. నీల్లు లేవు. మిషన్లు ఆగిపోనాయి. నా పక్క మంచం మీద తులసమ్మ ఉండేది. రెండో రోజుకి ఊపిరాడలేదు. నా సెయ్యి పట్టుకునే పోనాది. నువ్వు సూల్లేదు, నాను సూసినాను."

గాలి అప్పుడే కొబ్బరి చెట్లని ఒక పక్కకి దువ్వుతోంది.

"నన్ను మిషనుకి ఎక్కించు. ఓ గంట కూకుంటాను. నీకు కావలిసింది తీసుకో. తరవాత ఎల్లిపోతాను."

"టైం చాలదప్పా."

"నువ్విలగ మాటాడతంటే నిజంగానే సాలదు."

నాగవేణి అక్క మొహంలోకి చూసింది. అమ్మ పోయిననాడు తన జుట్టు దువ్వి బడికి పంపిన మొహం అది. జీడి ఫ్యాక్టరీలో పనిచేసి తనని చదివించిన మొహం. ఆ మొహం ఒకసారి అలా బిగిస్తే ఇక కదలదు.

"బావా, కారు సెంటర్‌కి పోనియ్," అంది.

*

గంట అన్నది గంటన్నరయింది. గున్నమ్మ మంచం కింది గొట్టంలో నీళ్ళు మూడు తొట్టెల్లోకీ పంచారు. గాలికి వాతావరణం చల్లబడింది. తోడు వేడి లేకపోతే అంటుకోదు. ప్లాంటు ఇంజినీరు దాలినాయుడు చొక్కా విప్పి పక్కన పడేశాడు. అతనూ ఎర్రయ్యా తొట్టెల చుట్టూ గోనెసంచులు కప్పారు. వాటి మీద వేడినీళ్ళు పోస్తూనే ఉన్నారు. ఎర్రయ్య మధ్యలో ఒకసారి గోడకేసి తల కొట్టుకుంటే దాలినాయుడు రెక్క పట్టి లాగాడు.

"తర్వాత కొట్టుకుందువు గానీ నీళ్ళు పోయవయ్యా ముందు!"

మొదటి ముల్లు కదిలాకే గున్నమ్మ కారెక్కింది.

మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. హైవే మీద ఒక చోట మర్రి విరిగి పడింది. లింగరాజు కారు వదిలి, చెట్టు దాటి, అవతలి పక్క ఒక పాలవ్యాను ఆపి గున్నమ్మని ఎక్కించాడు. వాళ్ళు విశాఖ చేరేసరికి నాలుగు దాటింది.

ఆ వేళకే నీలంపేటలో కరెంటు పోయింది. పాత డీజిల్ జనరేటర్ కొంతసేపు మొత్తుకుంది. నేలమాళిగ మెట్ల మీద నుంచి నీళ్ళు జలపాతంలా దూకాయి. జనరేటర్ దగ్గింది, మునిగింది.

నిశ్శబ్దం.

"మేడమ్..." అన్నాడు దాలినాయుడు.

నాగవేణి స్విచ్ ఎత్తింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత పెద్ద పంపు మూలిగింది, తిరిగింది. గోడకవతల డయాలసిస్ మిషన్లు ఒక్కొక్కటే కూత పెట్టి మళ్ళీ పనిలో పడ్డాయి. ఎర్రయ్య పంపుకి దణ్ణం పెట్టాడు. పంపు కాదు, తొట్టెకి పెట్టాలని గుర్తొచ్చి అటు తిరిగి మళ్ళీ పెట్టాడు.

ఫోన్‌లో లింగరాజు గొంతు గాలికి తెగిపోతోంది.

"ఇచ్చీసినారు వేణీ... ఇంకొకాయనకి. ఉంచితే పాడైపోతాదట. ఆల్ల తప్పు లేదు. మీ అప్ప అడగమంటంది. పంపు తిరిగినాదా?"

"తిరిగిందని చెప్పు బావా," అంది నాగవేణి. ఫోన్ పెట్టేసి గోనెసంచుల మీద కూలబడింది.

*

ఆ తుపానులో చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎండిపోతే నీలంపేట కుళాయిలు మాత్రం ఆగలేదు. ఆ సంగతి పేపర్లకెక్కింది. రాజధాని నుంచి ప్రాజెక్టు డైరెక్టర్ శేషగిరి వచ్చాడు. గున్నమ్మకి శాలువా కప్పాడు. "మీరు మా జాతి సంపద, అమ్మా," అన్నాడు.

"శాలువా బాగుంది బాబూ. ఉక్కపోస్తంది, తీసెయ్యనా?" అంది గున్నమ్మ.

అందరూ నవ్వారు. నాగవేణి నవ్వలేదు. శేషగిరి అప్పటికే కొత్తగా ఎనిమిది ఊళ్ళ పేర్లు చదువుతున్నాడు. అక్కడి ప్లాంట్లకీ తోడు కావాలి. తోడు బలంగా ఉండాలంటే గున్నమ్మ రక్తంలో యూరియా పెరగాలి. అంటే ఒక డయాలసిస్ మానాలి. ఒక ఊరికైతే నెలకోసారి మానితే సరిపోయేది. తొమ్మిది ఊళ్ళంటే ప్రతి వారం మానాలి.

చలికాలం వచ్చేసరికి గున్నమ్మ మొహం ఉబ్బిపోయింది. గాజులు చేతికి బిగుసుకుంటే లింగరాజు వాటిని కోసి తీశాడు. రెండు తలగడలు వేసి ఆనించితే తప్ప ఆమెకి ఊపిరి అందడం లేదు.

ఒకరోజు నాగవేణి విశాఖ ఆస్పత్రికి ఫోన్ చేసింది, అక్క వంతు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుందామని.

"ఆ పేరు ఆపి ఉంచామండీ," అంది అవతలి అమ్మాయి. "ఆవిడ పరిశోధనలో ఉన్నారట కదా. అది ముగిసేవరకూ పిలవొద్దని మీ ప్రాజెక్టు నుంచే చెప్పారు."

నాగవేణి ఆ పూటే రైలెక్కింది. శేషగిరి దాచలేదు. కాఫీ తెప్పించాడు.

"అవును, నేనే ఆపమన్నాను. కిడ్నీ మార్చాక ఆవిడకి ఇచ్చే మందులకి ఆ జీవం ఒంట్లో బతకదు. ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. ఆవిడ డయాలసిస్ మీద కూడా బతకొచ్చు కదా? ఏసీ గది ఇస్తాం. నర్సుని పెడతాం."

"పరిశోధన ఎప్పుడు ముగుస్తుంది సార్?"

"తొట్టెలు పనిచేస్తున్నంతకాలం ఎందుకు ముగియాలమ్మా?" శేషగిరి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇది మీ జీవితమంతా కష్టపడి కనిపెట్టినది. నా కంటే మీకే దీని మీద ప్రేమ ఉండాలి."

నాగవేణి కాఫీ ముట్టకుండా లేచింది.

ఇంటికొచ్చి అక్కకి చెప్పింది. గున్నమ్మ తలగడల మీదికి వాలింది.

"పోనీలే. నాను ఎల్లిపోతే తొట్టెలు సస్తాయి. మల్లీ తుపానొస్తాది. ఆ అరవై మందీ ఏటవుతారు?"

"తొట్టెలు లేకపోయినా పంపు తిరిగితే?"

"ఎలగ తిరుగుతాది? నువ్వు తిప్పుతావేటి సేత్తో?"

"తిప్పితే వెళ్తావా?"

గున్నమ్మ చెల్లెలి వంక అనుమానంగా చూసింది. "ముందు తిప్పి సూపించు. రోజంతా తిరగాల. నా కల్లతో నాను సూడాల. అప్పుడు ఎల్తాను."

*

"డీజిల్ జనరేటర్లా?" దాలినాయుడు పకపకా నవ్వాడు. "మేడమ్, పోయినేడు మీటింగులో డీజిల్ జనరేటర్ ముసలి గాడిదన్నది మీరే!"

"ఇప్పుడు నాకు రెండు గాడిదలు కావాలి నాయుడుగారూ. మునగని చోట కట్టేస్తాను."

"డైరెక్టరుగారు ఒప్పుకోరు."

"ఆయన్ని ఎవరడుగుతున్నారు? ప్లాంటు మీది. మీరొప్పుకుంటే చాలు."

దాలినాయుడు నవ్వడం మానేశాడు. ప్లాంటు ఆవరణలో చూపు తిప్పాడు. కిందటి వరద ఫిల్టర్ హౌస్ గోడ మీద వదిలిన బురద గీత ఇంకా కనిపిస్తోంది. చెయ్యెత్తి దాని పైన మరో నిలువు కొలిచి చూపించాడు. "సిమెంటు దిమ్మ ఇక్కడిదాకా లేపాలి. డీజిల్ ట్యాంకు కూడా పైనే. సైలెన్సరు గొట్టం ఇంకా పైన. ఎర్రయ్యా! పని మొదలెట్టు!"

మూతపడిన జీడి ఫ్యాక్టరీలో ఒక జనరేటరుంది. గున్నమ్మ ఒకప్పుడు అక్కడే పిక్కలు కొట్టేది. యజమాని ఆమె పేరు వినగానే తాళాలు ఇచ్చేశాడు. రెండోది మూసేసిన సినిమా హాల్లో దొరికింది. దాని రేడియేటర్‌లో పావురాలు గూడు పెట్టాయి. ఎర్రయ్య గూడుని జాగ్రత్తగా తీసి బుకింగ్ కిటికీలో పెట్టి వచ్చాడు. వారాల తరబడి రెండు యంత్రాలనీ విప్పి, కడిగి, బిగించారు. ఎండాకాలం వచ్చేసరికి దిమ్మ ఆరింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. క్రేను కాలవ వంతెన దగ్గర ఆగిపోయింది. ఆ బరువుకి వంతెన కూలుతుందన్నాడు డ్రైవరు. జనరేటర్లు నేల మీద ఉన్నాయి. దిమ్మ ఆకాశంలో ఉన్నట్టుంది.

"ఏటి, ఈ ఇనప పెట్టికా ఇంత గొడవ?"

బెస్తవీధి పెద్ద కామయ్య నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. అతని భార్య కూడా అదే డయాలసిస్ సెంటర్‌లో, గున్నమ్మకి ఎదురు మంచం.

"బోటు దీనికంటే బరువు. దాన్ని రోజూ ఒడ్డుకి లాగతన్నాం. ఇసక పొయ్యండి. వాలుగా పొయ్యండి. దుంగలు నాను తెస్తాను."

దిమ్మ అంచు దాకా ఇసుక బస్తాలతో వాలు కట్టారు. దాని మీద కొబ్బరి దుంగలు పరిచారు. జీడి ఫ్యాక్టరీ జనరేటర్‌కి వలతాళ్ళు కట్టారు. బెస్తవీధి మగాళ్ళంతా తాడుకి అటూ ఇటూ నిలబడ్డారు. గున్నమ్మ పడక్కుర్చీ తెప్పించుకుని వేపచెట్టు నీడలో కూర్చుంది.

"ఓ...లెస్సా!" అన్నాడు కామయ్య.

"ఐ...లెస్సా!" జనరేటర్ ఒక దుంగ దాటింది.

"మా కామయ్య పెల్లాం పెట్టిన కూడు ఏమైపోనాది?" అంది గున్నమ్మ కుర్చీలోంచి, ఆయాసపడుతూనే. "లాగరేటి?"

"అది కూడెక్కడెడతాది వొదినా, మంచం మీదుంటే! నానే వొండుతన్నాను!"

"అందుకే బలం లేదు!"

నవ్వుకి తాడు వదిలేస్తారని దాలినాయుడు కేకలేశాడు. సగం వాలు ఎక్కాక కింది దుంగ ఒకటి చిట్లింది. జనరేటర్ వెనక్కి జారింది. తాళ్ళు చేతుల్ని కోశాయి. ఎర్రయ్య ఆలోచించలేదు. ఇనప గడ్డపార దాని కింద దూర్చి, దాని మీద తన బరువంతా వేసి పడుకున్నాడు. జారుడు ఆగింది.

"దుంగ! ఇంకో దుంగ ఎయ్యండ్రా!"

మధ్యాహ్నానికి ఒకటి, పొద్దు వాలకముందే రెండోది దిమ్మ మీద కూర్చున్నాయి. ఎర్రయ్య అరిచేతుల్లో తోలు లేచిపోయింది. అతను వాటిని చూసుకుని, "ఇప్పుడు సరిపోనాదా గున్నప్పా?" అన్నాడు.

"సరిపోలేదు," అంది గున్నమ్మ. "తిరగాల."

*

రెండు రోజుల తర్వాత పొద్దున్నే దాలినాయుడు మెయిన్ స్విచ్ దించాడు. ప్లాంటు మూగబోయింది. నాగవేణి జనరేటర్ గదికి వెళ్ళి తొట్టెల తీగలు కూడా ఊడదీసింది. ఇప్పుడు ఊరికి ఉన్నవి ఆ రెండు గాడిదలే.

జీడి ఫ్యాక్టరీది మొదటి తిప్పుకే అందుకుంది. సినిమా హాలుది నల్లపొగ కక్కి, తుమ్మి, తర్వాత దారిలో పడింది. రెండు పంపులూ ఒకేసారి వేస్తే రెండు జనరేటర్లూ పడిపోయాయి.

"ఒకటి తరవాత ఒకటి," అన్నాడు దాలినాయుడు చెమట తుడుచుకుంటూ. "రెంటినీ ఒకే బండికి కట్టొద్దు. ఎవరి పంపు వాళ్ళది."

మొదటి పంపు. ఆగారు. రెండో పంపు. ఆగారు. గోడకవతల మిషన్లు కూత పెట్టాయి. దిమ్మ అదురుతోంది. పొగ కొబ్బరి చెట్ల మీదుగా సముద్రం వైపు పోతోంది. గున్నమ్మ కుర్చీ కదల్లేదు. అన్నం అక్కడే తింది. ఐసు ముక్క అక్కడే చప్పరించింది. చీకటి పడేదాకా కూర్చుని, మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చింది. పంపులు తిరుగుతూనే ఉన్నాయి.

"తులసమ్మ మంచం మీద ఇప్పుడెవరున్నారే?" అంది చెల్లెలితో.

"కామయ్య మేనకోడలు. పేరు రోహిణి. చిన్నపిల్ల."

"దానికీ నీల్లు అందతన్నాయా?"

"ఇప్పుడే చూసొచ్చాను. మిషను మీదే ఉంది. అందుతున్నాయి."

గున్నమ్మ కళ్ళు మూసుకుంది. "సరే. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు."

నాగవేణి స్టోరు గదికి వెళ్ళి బ్లీచింగ్ పౌడర్ బస్తా ఈడ్చుకొచ్చింది. ఎర్రయ్య అది చూసి వెనక్కి తగ్గాడు.

"నా వల్ల కాదమ్మా. ఈ సేతుల్తో ఒకసారి సేసినాను. మల్లీ సెయ్యలేను."

"నువ్వు కాదు. నేనే."

గదిలో తడి మట్టి వాసన, దాని వెనకే పులిసిన మజ్జిగ వాసన. మూడు ముళ్ళూ నిటారుగా నిలబడి ఉన్నాయి. ఎన్నేళ్ళు పట్టింది వాటిని అంత ఎత్తుకి లేపడానికి! ఆమె చదువు, వాయిదా వేసుకున్న పెళ్ళి, మందగించిన చూపు, అన్నీ ఈ మూడు తొట్టెల్లోనే ఉన్నాయి. తక్కిన ఎనిమిది ఊళ్ళకి పంపినవి తోడు లేక ఈ నెలలోనే ఆరిపోతాయి. ఆ ఎనిమిది ఊళ్ళకీ ఏం చెయ్యాలో ఆమె అప్పటికే నిర్ణయించుకుంది. గాడిదలూ, దిమ్మలూ. ఒక్కొక్క ఊరూ తిరిగి కట్టించాలి.

గున్నమ్మ గుమ్మంలో నిలబడింది, గోడ పట్టుకుని.

"బాగా ఆలోసించుకున్నావా గుంటా?"

"నీ తోడు ఇంక ఎవరికీ అక్కర్లేదప్పా," అంది నాగవేణి. బస్తా మూతి కోసి మొదటి తొట్టెలో కుమ్మరించింది. తర్వాత రెండోది. మూడోదానికి చెయ్యి ఆగింది. గున్నమ్మ వచ్చి బస్తా రెండో చివర పట్టుకుంది. ఇద్దరూ కలిసి వొంపారు.

ముళ్ళు ఒక్కసారిగా పడలేదు. నిద్ర పట్టినవాళ్ళ తలల్లా మెల్లగా వాలాయి.

నాగవేణి అక్కడే నిలబడి శేషగిరికి ఫోన్ చేసింది.

"సార్, తొట్టెలు చచ్చిపోయాయి. పరిశోధన ముగిసింది. ఆస్పత్రికి ఇప్పుడే ఆ మాట చెప్తారా, నేను చెప్పనా?"

"నీకు పిచ్చెక్కిందా? మళ్ళీ తోడు తియ్! ఆవిడ అక్కడే ఉంది కదా!"

"ఉంది. ఇవ్వనంటోంది."

"నీ ఉద్యోగం పోతుంది నాగవేణీ!"

"పోయిందనే అనుకుంటున్నాను సార్. అందుకే ఆస్పత్రి గురించి ఇప్పుడే అడుగుతున్నాను. లేదా ఆమె పేరు ఎందుకు ఆపారో పేపరువాళ్ళకి చెప్తాను. ఆమెకి శాలువా కప్పినప్పుడు ఫోటో తీసింది వాళ్ళే."

శేషగిరి ఫోన్ పెట్టేశాడు. సాయంత్రానికి గున్నమ్మ పేరు మళ్ళీ జాబితాలోకి ఎక్కింది.

*

పిలుపు వానాకాలం మొదట్లో వచ్చింది. ఈసారి ఎవరి చీరకీ బ్లీచింగ్ వాసన లేదు. లింగరాజు కారుని హారన్ కొడుతూ తోలాడు. టైముకి ముందే చేరారు.

ఆపైన వచ్చిన తుపానుకి గున్నమ్మ కొత్త కిడ్నీతో ఇంట్లోనే ఉంది. మొహం వాపు తగ్గింది. కొత్త గాజులు వేసుకుంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. కాసేపటికి గాలిహోరులోంచి రెండు గొంతుల రొద వినిపించింది. ఒకటి గంభీరంగా ఉంది, రెండోది తుమ్ముతూ అందుకుంది.

"అదిగో, సినిమా హాలుది," అన్నాడు లింగరాజు.

నాగవేణి ఇప్పుడు ప్లాంటు ల్యాబ్‌లో నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూసే ఉద్యోగం చేస్తోంది. సెలవు రోజుల్లో తక్కిన ఊళ్ళు తిరుగుతోంది. ఎనిమిదింటిలో మూడింటికి దిమ్మలు లేచాయి. ఆ రోజు రెయిన్‌కోటు ఇంకా విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు దూకాయి. ఇత్తడి చెంబు అంచుదాకా పట్టి తెచ్చింది.

గున్నమ్మ చెంబు రెండు చేతులా పట్టుకుంది. ఎత్తింది. గొంతు కదులుతోంది. నీళ్ళు గడ్డం మీదుగా జారి రవిక తడుస్తున్నాయి. ఆపలేదు. చెంబు ఖాళీ అయ్యాకే కింద పెట్టింది. ఊపిరి పీల్చుకుంది.

"బ్లీచింగు వాసనొస్తందే," అంది.

"వస్తుంది. నేనే చూసి వేయించాను."

గున్నమ్మ మూతి తుడుచుకుంది. చెంబు చెల్లెలి చేతికిచ్చింది.

"మల్లీ పట్టు."